ముక్కు మూసుకున్న ముసలాయన

“రినక్టెంట్... రినక్టెంట్...”

చైనాలోని హెంగ్యాంగ్ ఊళ్లో, నదిగట్టు పార్కులో, ఆడవాళ్ల పొద్దుటి డాన్సు పాటల మధ్య, వెన్‌చింగ్ ఆ ఇంగ్లీషు మాట వల్లిస్తోంది.

మర్నాడే టీచరు ఉద్యోగానికి నమూనా పాఠం చెప్పాలి. పోయినేడు తప్పింది. ఈసారీ తప్పితే బూట్ల ఫ్యాక్టరీయే గతి.

పక్క బెంచీ మీది ముసలాయన లేచి వచ్చాడు. మెడకు గుడ్డ. నోట మాట లేదు. చిన్న పుస్తకం తీసి రాసి చూపించాడు.

“ఇది లాటిన్‌ నుంచి వచ్చింది. అక్కడ అర్థం ఎదురుతిరిగి పెనుగులాడడం. ఇప్పుడు, మనసొప్పక వెనకాడేవాణ్ణి ఇలా అంటారు. పని చేసినా చేస్తాడు, లోపల పెనుగులాడుతూనే.”

“అర్థాలు నాకూ తెలుసు తాతయ్యా! రానిది పలకడం. అది మీరు నేర్పుతారా?”

పక్కనున్న స్నేహితురాలు జియామన్ కిసుక్కున నవ్వింది.

ముసలాయన నోరు తెరిచాడు. గుడ్డ చాటున గాలి ఈల వేసింది, అంతే. చటుక్కున తన ముక్కు మూసుకుని, నువ్వూ మూసుకో అన్నట్టు వేలు చూపించాడు.

“కంపు కొడుతున్నావట! పోయి స్నానం చేసి రావే!” అంది జియామన్.

వెన్‌చింగ్ మొహం కందగడ్డలా అయింది. ఆయన గబగబా ఏదో రాస్తూండగానే సంచీ తగిలించుకుని వెళ్లిపోయింది.

మర్నాడు నల్లబల్ల మీద ఆ మాటే రాసింది. పెనుగులాట సంగతీ చెప్పింది. పరీక్షాధికారులు మెచ్చుకోలుగా తలలూపారు.

“ఇప్పుడు పలుకు.”

“రినక్టెంట్.”

వాళ్లలో పెద్దావిడ పెన్ను కింద పెట్టేసింది.

“రిలక్టెంట్. మన వైపు వాళ్లందరి తిప్పలే అమ్మాయీ, ‘ల’ అనబోయి ‘న’ అంటాం. ముక్కు మూసుకుని చూడు. ‘న’ ఆగిపోతుంది, ‘ల’ ఆగదు. ఇంత చిన్న కిటుకు నీకెవరూ చెప్పలేదా?”

వెన్‌చింగ్ మెల్లగా తన ముక్కు మూసుకుంది.

వారం తర్వాత స్కూలు గేటుకు అంటించిన జాబితాలో ఆమె పేరు లేదు.

నారింజపళ్లు కొనుక్కుని పార్కుకు పరిగెత్తింది. బెంచీ ఖాళీ.

“మెడకు గుడ్డ కట్టుకునే తాతగారు రాలేదా, పిన్నిగారూ?” డాన్సు ముగించిన ఒకావిడను అడిగింది.

“ఇంకెక్కడి రావడం! మొన్నే కాటికి సాగనంపాం తల్లీ.”

పళ్ల సంచీ ఏం చేయాలో వెన్‌చింగ్‌కు తెలియలేదు.

“ఆయనెవరండీ?”

“తెలీదూ? నీ వయసులో మేమంతా పొద్దున్నే రేడియో ముందు కూర్చునేవాళ్లం. డాక్టర్లు గొంతు తీసేసేదాకా, ఈ జిల్లా మొత్తానికి ఇంగ్లీషు పలకడం నేర్పింది ఆయనే!”