తొమ్మిది రోజులు ఆడిన ఇంగ్లీషు సినిమా

తప్పులుంటే మన్నించండి. నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఈ కాస్త రాయడానికే నాలుగు రోజులు పట్టింది.

మదనపల్లెలో మా టాకీసు ముందు ఇద్దరు ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. ప్రొజెక్టరు గది కిటికీలోంచి చూశాను.

"ఆ పిల్ల సచ్చిపోయిందని నేను ఏడ్చుకుంటా వస్తాంటే, పెండ్లయిందంటావేమిరా?" అని అరుస్తున్నాడు, సదుం నుంచి టమోటాలు వేసుకొచ్చిన రైతు.

"నిన్న నేను సూసినా గదా! సినిమా అయిపోయిందే పెండ్లితో. నువ్వు నిద్రపోయింటావు మామా!" అన్నాడు ఆటో డ్రైవరు.

చుట్టూ జనం మూగారు. సగం మంది ఇటు, సగం మంది అటు.

అది 2008 వేసవి. కొత్త తెలుగు బొమ్మ ఏదీ దొరకక మా ఓనరు రంగప్ప బెంగళూరు నుంచి ఒక ఇంగ్లీషు సినిమా తెప్పించాడు. ముప్పై నలభై ఏళ్ల కిందటి రాక్ పాటలన్నీ ఏరి, వాటితోనే కథ అల్లారట. మాటలు తక్కువ. ఎవరికి ఏ కష్టమొచ్చినా గిటారు పట్టుకుని పాడేస్తారు. మూడు రోజులు ఆడితే చాలనుకున్నాడు రంగప్ప.

నాలుగో రోజుకు ఊరు రెండుగా చీలింది.

నా భయం నాది. మా ఆయన పోయాక ఆయన పని నాకిచ్చారు. రీళ్లు చుట్టడం, ఆపరేటరు మునిరత్నానికి ఒక్కొక్కటే అందించడం. చేరి నెల కాలేదు. చేర్చుకున్న రోజే రంగప్ప వేలు చూపించి చెప్పాడు.

"మొగోళ్లు చేసే పని నీకిస్తాండాను. ఒక్క కంప్లైంటు వచ్చిందంటే ఇంటికి పోతావమ్మా, సిద్ధమ్మా."

ఇంటికి పోతే కుప్పంలో నా కూతురు నందిని నర్సింగు చదువు ఆగిపోతుంది. అందుకే కింద ఎవరు గొంతు పెంచినా చేతిలో పని వదిలి కిటికీ దగ్గరికి పరిగెత్తేదాన్ని.

అందరికంటే నాకు గంగాధరం సారంటే హడలు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడు. ఆ పాటలు ఆయన కుర్రతనంలో రేడియోలో విన్నవట. సినిమాను తిట్టడానికే మూడుసార్లు టికెట్టు కొన్నాడు.

ఆరో రోజు ఆట విడిచాక మెట్ల దగ్గర నిలబడి అరిచాడు. "రంగప్పా! ఇది సినిమానా? తల లేదు, తోక లేదు. బంగారం లాంటి పాటలు. గంగలో కలిపినారు!"

ఇంజనీరింగు చదివే చరణ్ అడ్డం వచ్చాడు. వాడూ వాడి స్నేహితులూ రోజూ వచ్చేవాళ్లు.

"తలా తోకా ఎతికేటోళ్లకు ఇది ఎక్కదు సార్. మీరు టమోటా మండీకి పోయి రేట్లు సూసుకోండి."

"నోరు ముయ్‌రా! నీ వయసు కంటే ఆ పాటల వయసు పెద్దది!"

"అందుకే మీరు ముసలోళ్ల మాదిరి వింటాండారు. ఐదు సార్లు సూసినా సార్. సూసినప్పుడల్లా కొత్తగా ఉండాది. కథ ఇట్లా చెప్పాలంటే గుండె ఉండాల!"

ఎవడో రాయి విసిరాడు. అది మా గది తలుపుకు తగిలింది. నేను గడియ పెట్టి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. చెమటకు రవిక తడిసిపోయింది.

మునిరత్నం నవ్వాడు. "నీకేమక్కా అంత భయం? సినిమా తీసింది నువ్వా?"

నేను గడియ ఇంకోసారి నొక్కి చూశాను.

గొడవ ముదిరేకొద్దీ టికెట్లు తెగాయి. ఎవరి మాట నిజమో తేల్చుకోవడానికి పెద్దపంజాణి నుంచి కూడా జీపుల్లో వచ్చారు. రంగప్ప మీసం దువ్వుకున్నాడు. నాకు మాత్రం అన్నం సయించలేదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆయన నన్ను పిలిచి, "ఈ బొమ్మ పంపిన బెంగళూరు కంపెనీ ఆయన వస్తాండాడు. పైకొచ్చి అన్నీ సూస్తాడంట" అన్నాడు.

ఆయన వచ్చాడు. బూట్లు టకటకమంటూ మెట్లెక్కాడు. వెనకే రంగప్ప, పుంగనూరు టాకీసు ఓనరు. గోడ పక్కన వరసగా పెట్టిన ఏడు రీలు డబ్బాల ముందు ఆగాడు. వంగి ఒక డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. మూత అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ డబ్బాలు చూసుకునేది ఎవరు?"

రంగప్ప నా వైపు వేలు చూపించాడు. నందిని ముఖం కళ్ల ముందు మెదిలింది.

"నేనే సామీ" అన్నాను.

ఆయన రంగప్ప వైపు తిరిగాడు. "బెంగళూరులోనే మూడు రోజులకు ఎత్తేసినారప్పా దీన్ని. నేనే పూర్తిగా చూడలేకపోయినా. ఈ ఊళ్లో తొమ్మిది రోజులు ఎట్లా ఆడించినారు?"

"మా ఊరోళ్లకు సంగీతమంటే పిచ్చి సార్" అన్నాడు రంగప్ప.

పుంగనూరు ఓనరు తొందరపడ్డాడు. "రేపట్నుంచి నాకు ఇచ్చేయండి. ఈడ ఎట్లా ఆడిందో ఆడ గూడా అట్లే ఆడాల!"

బెంగళూరాయన మళ్లీ డబ్బా వైపు చూశాడు. "ఇన్ని టాకీసులు తిరిగినా, డబ్బాలు ఇంత తళతళా మెరిసేది యాడా చూడలేదు. దేంతో తోమినావమ్మా?"

"మొదటి రోజు సినిమా పెట్టెకు పూజ చేస్తారు కదా సామీ, దానికని చింతపండూ బూడిదా వేసి తోమినాను" అన్నాను.

మూతల మీద సుద్దతో రాసిన రీళ్ల నంబర్లు కూడా ఆ బూడిదతోనే పోయాయని, ఆ తొమ్మిది రోజులూ ప్రతి ఆటకూ ఏ డబ్బా చేతికొస్తే ఆ రీలే అందించానని మాత్రం చెప్పలేదు.

— సిద్ధమ్మ, అరవై రెండేళ్లు, ఇప్పుడు కుప్పంలో కూతురి దగ్గర