పూత ఆరేదాకా

"చెయ్యి తియ్యి ముందుగాల," అన్నాడు వెంకట్రాజం, తలుపు తోసుకుని వస్తూనే.

రాజశ్రీ చెయ్యి తియ్యలేదు. తండ్రి బట్టల దుకాణం షట్టర్ దించి మరీ సుబేదారిలోని ఈ శిక్షణ కేంద్రం దాకా వచ్చాడంటే తనను ఇంటికి లాక్కుపోవడానికే. సరిగ్గా ఈరోజే రావాలా ఈయనకు? స్పా థెరపిస్టు కోర్సుకు ఇది ఆఖరి పరీక్ష. బల్ల మీద ఒక మనిషి. మెడ నుంచి పాదాల దాకా మూలికల ముద్ద పట్టించి, పైన కంబళి గట్టిగా చుట్టింది. జుట్టుకు తువ్వాలు, కళ్ల మీద దూది, ముఖం నిండా మందంగా ముల్తానీ మట్టి. పూత ఆరేదాకా ఆ మనిషి పెదవి కదపకూడదు, రాజశ్రీ పక్కనుంచి కదలకూడదు. కదిలితే ఫెయిల్.

"పరీక్ష నడుస్తాంది బాపూ. జర బయట కూసో," అంది, కంబళి మీదుగా భుజాలు నొక్కుతూ.

"పరాయోళ్ల ఒళ్లు పిసుకుడు కూడ ఒక సదువేనా? బజార్ల నలుగురు నన్ను అడుగుతాన్రు, పిల్లను గీ పనికి పంపుతానవా అని."

"అడిగినోళ్లను నా దగ్గరికి పంపు. జవాబు నేను చెప్త."

వెంకట్రాజం బల్ల మీదికి వంగి చూశాడు. మట్టి తప్ప ఏమీ కనిపించలేదు.

"ఎవరు గీ పండుకున్నది? మొగోడా, ఆడామెనా?"

"చెప్ప."

"తండ్రిని అడుగుతాన్న."

"ఎవరడిగినా చెప్ప. బల్లెక్కినోళ్ల పేరు బయట పెట్టొద్దని మొదటిరోజే నేర్పిన్రు."

పరీక్ష పెడుతున్న అనసూర్య మేడం గోడకానుకుని చూస్తోంది. పేరు చెబితే గొడవ అక్కడికి తీరిపోతుంది. నాలుక చివరిదాకా వచ్చిన మాటను రాజశ్రీ మింగేసింది.

"మా అవ్వ పొద్దుగాల్నే పాలంపేటకు పోయింది, చెల్లె ఇంటికి. ఎందుకో ఎరుకేనా? నీ మొఖం సూడలేక."

రాజశ్రీ తల దించుకుంది. మాట తగిలిందనుకుని ఆయన గొంతు ఇంకా పెంచాడు.

"ఇప్పుడు నా ఎంబడి రాకుంటే మళ్ల నా గడప తొక్కకు."

అది ఆమె పుట్టి పెరిగిన ఇల్లు. చిన్నప్పుడు ఆ దుకాణంలో తానుల మీదే పడి నిద్రపోయేది. అయినా చేతులు ఆగలేదు.

"గడప తొక్క. కష్టం చేసుకోని బతుకుత. సిగ్గుపడెటోళ్లు పడున్రి, నేనైతే పడ."

వెంకట్రాజం కంబళి అంచు పట్టుకోబోయాడు. రాజశ్రీ ఒక చెయ్యి బల్ల మీదే ఉంచి, రెండో చేత్తో ఆయన మణికట్టు పట్టుకుంది.

"కొడితే నన్ను కొట్టు బాపూ. నా గిరాకి మీద మాత్రం చెయ్యి పడొద్దు."

కూతురు తన చెయ్యి పట్టి ఆపుతుందని ఆయన ఏనాడూ అనుకోలేదు. చెయ్యి దించేశాడు.

గంట మోగింది. "పూత ఆరింది, తుడువు," అంది అనసూర్య మేడం. "పాసైనవ్."

రాజశ్రీ తడిగుడ్డతో నుదురు తుడిచింది, చెంపలు తుడిచింది, కళ్ల మీది దూది తీసింది. వెంకట్రాజం ఒక అడుగు వెనక్కి వేశాడు.

"తలుపేసి పోరా కొడుకా," అంది అవ్వ, "ఇంకా కాళ్లు పట్టిచ్చుకునేది ఉన్నది."