కంపు పోయింది

"వాసన వస్తోందా?" అంటూ రిఫైనరీ మేనేజరు మీటింగ్ హాల్లోకి అడుగుపెట్టాడు.

వస్తోందా ఏమిటి, గుప్పుమంటోంది. కుళ్ళిన కోడిగుడ్ల కంపు. టైపిస్టు ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో పూలగుత్తి సర్దుతోంది.

మేనేజరుకి ఒళ్ళు మండిపోయింది. కాసేపట్లో కంపెనీ ఛైర్మన్ వస్తున్నాడు, ప్రమాదాలు లేని రిఫైనరీ అని షీల్డు ఇవ్వడానికి. షీల్డు వెనకాలే మేనేజరుకి డైరెక్టరు కుర్చీ కూడా ఖాయమని వినికిడి. ఆ కుర్చీ కోసం ఆయన కాళ్ళరిగేలా తిరిగాడు. తీరా ఛైర్మన్ ముక్కు మూసుకుని వెనక్కి వెళ్ళిపోతే?

సేఫ్టీ ఆఫీసరు రొప్పుతూ వచ్చాడు. అతను మేనేజరుకి స్వయానా అల్లుడు. మేనేజరు ఒకప్పుడు కొత్తవాళ్ళకి సేఫ్టీ క్లాసులు చెప్పేవాడు. ముందు వరసలో కూర్చుని చెప్పిందల్లా బుద్ధిగా రాసుకునే ఈ కుర్రాడు నచ్చి పిల్లనిచ్చాడు. ఆ బుద్ధే ఇప్పుడు మామగారి ప్రాణానికొచ్చింది. ఇంట్లో మావయ్యా అన్నా సరే, ఆఫీసులో మాత్రం సార్ అనాలని పెళ్ళి నాడే షరతు.

అల్లుడి చొక్కాకి తగిలించిన గ్యాస్ మీటరు కీచుకీచుమంటోంది.

"యూనిట్లో ఎక్కడో లీకుంది సార్. కాలవలోంచి వచ్చి బాత్రూము తూములోంచి ఇటు ఎక్కుతోంది. యూనిట్ ఆపేసి వెతుకుదాం."

"ఇవాళా? ఆగిపోయిన యూనిట్ని చూసి షీల్డు ఇస్తాడా ఆయన? నువ్వు నా అల్లుడివా, శకునపక్షివా?"

"వాసన తెలుస్తున్నంతసేపు పర్లేదు సార్. కానీ..."

"పర్లేదన్నావుగా, చాలు. గేటు దగ్గరికెళ్ళి ఆయన్ని తీసుకురా. ఆ కూతల పెట్టె కూడా పట్టుకుపో, పరువు తీసేలా ఉంది."

అల్లుడు నసుగుతూనే వెళ్ళాడు. మామ ముందు అతని నోరు ఏనాడు పెగిలింది గనక.

ఇక మేనేజరు స్వయంగా రంగంలోకి దిగాడు. అటెండరు చేత హాలంతా సెంటు కొట్టించాడు. మిగిలింది బాత్రూము తూములో పోయించాడు. ఆ పరిమళం బయటికి పోకుండా కిటికీలన్నీ బిగించి, తలుపు సందులో గుడ్డలు కుక్కించాడు. ఇంత చిన్న ఉపాయం అల్లుడికి తట్టనందుకు జాలిపడ్డాడు కూడా.

కొంతసేపటికి అటెండరు దగ్గు అందుకున్నాడు. టైపిస్టు కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి.

"తల తిరుగుతోంది సార్" అంది.

"సెంటు ఘాటమ్మా. నాకూ దిమ్ముగానే ఉంది. అది సరే, కంపు ఉందా?"

ఇద్దరూ గట్టిగా గాలి పీల్చి చూశారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"లేదు సార్, పోయింది."

"సెంటు బాగా పట్టిందా?"

"అదీ పెద్దగా తెలీడం లేదండీ" అన్నాడు అటెండరు దగ్గు ఆపుకుంటూ. "అలవాటైపోయినట్టుంది."

మేనేజరు తనూ ఒకసారి ఎగబీల్చాడు. గాలి శుభ్రంగా ఉంది. ఏ వాసనా లేదు. ఆయనకి డైరెక్టరు కుర్చీ కళ్ళ ముందు కదలాడింది. హుషారుగా అల్లుడికి ఫోను కొట్టాడు.

"ఏమోయ్ శకునపక్షీ, నీ గ్యాసూ లేదు, దాని కంపూ లేదు. ముగ్గురం ముక్కుపుటాలు అదిరేలా పీల్చి మరీ చూశాం. ఛైర్మన్ని తీసుకొచ్చెయ్."

ఆఫీసులో మొట్టమొదటిసారిగా, అల్లుడు సార్ అనడం మరిచిపోయాడు.

"మావయ్యా, ఉన్నపళాన అందరూ బయటికి పరిగెత్తండి, ఈ గ్యాస్ ముందు ముక్కుని చంపుతుంది, మనిషిని ఆ తర్వాతే అని క్లాసులో మాకు చెప్పింది మీరే."