ఉమ్మేసిన గింజలు

"ఏయ్! కూపుల ఏం దొంగతనం జేస్తున్నవ్?"

మేస్త్రీ రామచంద్రయ్య అరుపుకి ఆమె తలెత్తింది. నలభై ఏళ్లుంటాయి. చేతిలో కొడవలి తప్ప కట్టెపుల్ల కూడా లేదు.

"దొంగతనం గాదు సారు. బాట ఎతుకుతున్న."

"ఏం బాట?"

"లారీలు రాకముందు దవాఖానకు, అంగడికి నడిచిన బాట."

కలప కొట్టే కూలీలు గొల్లుమన్నారు.

"పిస్సది సారు" అన్నాడు ఐలేశం. "రోజూ గిట్లనే తిరుగుతది."

"తరుముండ్రి దాన్ని!"

అది 1961 వానాకాలం. అమ్రాబాదు కొండల మీద కలప నరికే ఆ కూపుకి రామచంద్రయ్య వచ్చి వారమే అయింది.

మధ్యాహ్నం వాన దంచింది. నరుకుతున్న మద్దిమాను ఒరగాల్సిన వైపు ఒరగలేదు. ఐలేశం తమ్ముడు భిక్షం తొడ మీద పడింది.

"లారీ తియ్యమను!"

"యాడికి సారు? వాగు మీది వంతెన కొట్టుకపోయింది."

రామచంద్రయ్య చుట్టూ చూశాడు. మూడు వైపులా లోయ. నాలుగో వైపు వాగు. బిగించి కట్టిన గుడ్డలోంచి నెత్తురు కారుతూనే ఉంది.

"పాత బాట ఎటుంటది ఐలేశం?"

"చిన్నప్పుడు నడిచిన సారు. పెద్ద ఏగిస మాను కాడ మలగాలె. ఎన్క జంట మద్దులు..."

ఐలేశం ఆ వైపు చూశాడు. ఏగిస లేదు. మద్దులు లేవు. అన్నీ తను కొట్టినవే.

భిక్షాన్ని దుప్పటి జోలెలో వేసి, వాసానికి కట్టి, రామచంద్రయ్య, ఐలేశం భుజాలకెత్తుకున్నారు. ఎటు చూసినా మోళ్లు. ఒకే ఎత్తు, ఒకే తీరు. గంట నడిచాక ఎదురుగా నెత్తురు మరకల మద్దిమాను!

బయల్దేరిన చోటికే వచ్చారు.

"అన్నా, చలి పెడుతున్నదే" అన్నాడు భిక్షం.

ఐలేశం ఏడుపందుకున్నాడు.

"నా ఎన్కాల రాండ్రి."

పొద్దున తరిమిన మనిషి!

"బాట దొరికిందా?" అన్నాడు రామచంద్రయ్య.

"సగం దొరికింది. సగం నడుస్తుంటే దొరుకుతది."

"సగమా! నడుమ ఇరుక్కుంటే?"

"ఈడ ఇరుక్కోలేదా?"

రామచంద్రయ్య వాసం ఎత్తాడు.

ఆమె ఒక్క మోడు వైపూ చూడలేదు. నేలనంటిన పొదల్నే చూస్తూ పోతోంది.

"ఏం గుర్తు మీద నడుస్తున్నవ్?"

"సీతాఫలం పొదలు. కలపకు పనికిరావని మీరు ఇడిసిపెట్టిండ్రు. ఎన్కట అంగడికి పోయెటోళ్లు పండ్లు తినుకుంట గింజలు ఉమ్మేసిండ్రు. పడ్డ కాడల్లా పొద మొలిచింది. పొదల వరుసే బాట."

కొంతదూరం పోయాక ఆ వరుస తెగిపోయింది. ముందు నిలువెత్తు ముళ్లకంప. పక్కన లోయ.

"చంపుతున్నవ్ గదనే మమ్మల్ని!" అరిచాడు రామచంద్రయ్య.

ఆమె కొడవలి ఎత్తింది. కంపలోకి దూరి నరకడం మొదలుపెట్టింది. చేతులు మోచేతుల దాకా చీరుకుపోయాయి. అవతల ఒకే ఒక్క సీతాఫలం పొద. దాని పక్క నుంచి కిందికి అరిగిపోయిన రాతిమెట్లు.

పొద్దుగూకే వేళకి కొండ దిగారు. దవాఖాన దీపం కనబడింది.

"ఇగ మీరు పోండ్రి. బాటల కంప మిగిలింది, నరకాలె."

నిజంగా పిస్సదే అనుకున్నాడు రామచంద్రయ్య.

గంట తర్వాత కంపౌండర్ బాలయ్య బయటికొచ్చాడు.

"పానానికి ఫికర్ లేదు."

ఐలేశం అరుగు మీద కూలబడ్డాడు. ఆమెకి ఆ మాట చెబుదామని రామచంద్రయ్య గేటు దాకా పరుగెత్తాడు. వాన తప్ప ఎవరూ లేరు.

"వాగు నిండింది గదా, ఎట్ల తెచ్చిండ్రు?" అడిగాడు బాలయ్య.

"పాత బాటన. ఒక ఆడమనిషి జూపింది. చేతుల కొడవలుంది."

బాలయ్య చేతులు తుడుచుకోవడం ఆపేశాడు.

"గుర్వమ్మ" అన్నాడు నెమ్మదిగా. "పోయినేడు మీ కూపులనే ఆమె పెనిమిటి మీద మాను పడ్డది. వాగు గిట్లనే నిండింది. ఒక్కతే వీపు మీదేసుకొని, బాట దొరకక రాత్రంతా తిరిగి, తెల్లారి గీ అరుగు మీద దించింది. గంట ముందు తెస్తే బతుకుతుండె అన్నడు డాక్టరు సాబ్. అప్పటిసంది గా గంటనే ఎతుకుతున్నది సారు."