ఒక్క కనెక్షన్

“అక్కా, ఈ సెట్టింగ్ ఎవులు మార్చేరు?”

చోడవరం బజార్లో కంప్యూటర్లు బాగుచేసే ప్రేమ్‌కుమార్ యూపీఎస్ బ్యాటరీ మార్చడానికి వచ్చి, తెర వంక చూస్తూ ఉండిపోయాడు. గుత్తివంకాయలకు గాట్లు పెడుతున్న సంధ్యారాణి చేయి ఆపలేదు.

“ఏటయింది?”

“క్రిప్టో సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ ఎనిమిది, పది కంప్యూటర్లని అడిగి లెక్క సరిసూసుకోవాలి. ఒకడు అబద్ధమాడినా మిగతావోళ్ళు పట్టించేస్తారు. నీది ఒక్కదాన్నే అడిగేలా పెట్టేరు. అదీ రోలుగుంటలో మీ తమ్ముడి కంప్యూటర్ని.”

“ఉమామహేష్ నాకు అబద్ధం చెప్తాడేటి?”

“సెప్పడానికి ఆ కంప్యూటర్ ఉంటే కదా! జూలైలో నాకే అమ్మేసేడు. సెట్టింగ్ మార్చిన కాణ్ణుంచీ జవాబు సెప్పేవోడు లేక నీ తెర ఆగస్టు మూడో తేదీ దగ్గరే ఆగిపోయింది. మూడు నెలలయింది.”

ఆ తెర మీద కనబడేవి అక్కాతమ్ముళ్ళు ఏడేళ్ళుగా కలిసి దాచుకున్న క్రిప్టో కాయిన్లు, కంప్యూటర్లలోనే ఉండే డబ్బు. వాటిని తెరిచే రహస్యపదాలు ఇద్దరి దగ్గరా ఉన్నాయి. ప్రేమ్‌కుమార్ తన ఫోన్‌లో అసలు లెక్క వెతికాడు.

“అక్కా... ఇందులో ఏటీ లేదు. నాలుగో తేదీన మొత్తం బయటికి ఎల్లిపోయేయి.”

ఆమె చేయి ఆగింది.

“నాలుగునే దుర్గాదేవిని విశాఖ ఆస్పత్రిలో చేర్చేరు.”

ఉమామహేష్ భార్య ఆ నెల దాటలేదు. ప్రేమ్‌కుమార్ గొంతు తగ్గించాడు.

“నీ మరదలికే కదా, అడిగి తీసుకోవచ్చు గదా. ముందురోజు ఇక్కడికి వచ్చేడా?”

“వచ్చేడు. గంటసేపు కూర్చున్నాడు. టీ తాగి, ఏటీ అడక్కుండా వెళ్ళిపోయేడు.”

“అప్పుడే మార్చేసుంటాడు, నీకు తెలీకూడదని! ఉండు, కనెక్షన్లన్నీ తెరిచేస్తాను. ఆదివారం కదా, వస్తాడు. నేనే అడుగుతాను.”

సంధ్యారాణి లేచి వచ్చి మౌస్ మీద చేయి పెట్టింది.

“వద్దు బాబూ. వారం మొత్తమ్మీద వాడు కడుపునిండా తినేది ఈ ఒక్క పూటే. నాకు తెలిసిందని తెలిస్తే మరి ఈ గుమ్మం తొక్కడు.”

“మోసం సేసినోడికి గుత్తొంకాయ వండతన్నావా?”

“నువ్వూ తిని వెళ్ళు.”

కూర దింపుతుండగా వీధిలో ఆటో ఆగింది. ఉమామహేష్ చెప్పులు విడుస్తూనే తెర వంక చూశాడు. కాయిన్లు ఉన్నట్టే కనబడుతున్నాయి. అతని బిగిసిన భుజాలు వదులయ్యాయి.

“లెక్క బాగానే ఉందా అక్కా?”

“ఎక్కడిదక్కడే ఉందిరా. కాళ్ళు కడుక్కో.”

“ఏటీ వాసన? మాడ్చేసేవా?”

“మాడింది నీకే పెడతాను, రా.”

అతను నవ్వాడు. ప్రేమ్‌కుమార్ ఆ నవ్వు చూడలేక తల వంచుకుని స్క్రూలు బిగించాడు.

మూడో తేదీ సాయంత్రం, తమ్ముడు అడగలేక వెళ్ళిపోయాక, అతని కంప్యూటర్ అమ్ముడైపోయిందని తెలిసే, ఆ సెట్టింగ్ మార్చింది సంధ్యారాణే.