లేని బంటు

చీకటి పడ్డాక ఆఫీసులో నేనొక్కదాన్నే మిగిలాను. కంప్యూటర్ ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు. నేనూ అన్నయ్యా కలిసి రాసిన చదరంగం ప్రోగ్రాముకు చివరి పరీక్ష పెడుతున్నాను. బోర్డు మీద ఇద్దరు రాజులే ఉన్నారు. అప్పుడు ఎవరూ గెలవలేరు కాబట్టి ఎవరిది పైచేయో చెప్పే అంచనా సున్నా రావాలి. అది ఒకటి చూపింది. అంటే ప్రోగ్రాము ఆడే నల్లవైపు ఒక బంటు ఎక్కువుందని లెక్క.

అన్నయ్యకు ఫోన్ చేశాను.

"ఇందాకటి ఆటలోని బంటు మెమరీలో ఎక్కడో మిగిలిపోయుంటుంది. తుడిచేసి మళ్ళీ పెట్టు."

"తుడిచి తుడిచి చేతులు పడిపోయాయి. లేని బంటునే లెక్కేస్తోంది."

"సరే, ఆడి చూడు. లైన్లోనే ఉంటా."

ఆడాను. నల్లరాజు బోర్డు అంచు వెంట, ఎవరినో వేలు పట్టుకుని నడిపిస్తున్నట్టు నింపాదిగా వచ్చాడు. అంత చక్కగా కాపలా కాయడం మేం దానికి నేర్పలేదు. కళ్ళు తిప్పుకోలేకపోయాను. అంచు బంటును ఆపాలంటే మూల పట్టుకోవాలి. తెలియకుండానే నా రాజును మూలకు జరిపాను. అంకె సున్నాకు పడిపోయింది.

నల్లరాజు ఎదురుగా వచ్చి ఆగాడు. మా మధ్య ఒక్క గడి ఖాళీ.

తెర మీద అక్షరాలు పడ్డాయి: 'మీకు వేయడానికి ఎత్తు లేదు. ఆట డ్రా.'

"ఏమంటోంది?" అన్నాడు అన్నయ్య.

"డ్రా అంటోంది."

"ఇద్దరు రాజులుంటే డ్రానే కదా. బాగుపడింది, ఇంటికెళ్ళు."

నా రాజు పక్క గడికి వెళ్ళడానికి ఏ అడ్డూ లేదు. రాజుల మధ్య ఖాళీ గడిలో నల్లబంటు ఉంటే మాత్రం ఆ గడి దాని దెబ్బ కింద ఉంటుంది.

రాజును అక్కడికి లాగి వదిలాను. మెల్లగా వెనక్కి వచ్చేశాడు.