రీల్లో మిగిలినవాడు

"పాత పేపర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేసేవు కదమ్మా. ఇంక ఆ పేపర్లు ఫొటోలు తీసిన ఈ మైక్రోఫిల్ము రీళ్లెందుకు? రేపు పారేయించేద్దాం," అన్నారు లైబ్రేరియన్ మంగరాజు గారు, చీకటిపడి ఇంటికి వెళ్తూ.

"ఆయ్, ఒక్కసారి సరిచూసి వెళ్తానండి," అంది సత్యదుర్గ.

ఏళ్ల కిందటి పెద్ద తుఫాను మర్నాటి పేపరు తీసింది. కంప్యూటర్ ఫొటోలో కపిలేశ్వరపురం రేవు ఖాళీగా ఉంది. రీలు తిప్పి, అదే ఫొటోని పక్క మిషను తెరమీదికి తెచ్చింది. అందులో రేవు మెట్ల మీద ఒకతను అటు తిరిగి నిలబడ్డాడు. అతని ఎడమ భుజం వంగి ఉంది. ఆ తుఫానులో గల్లంతై, ఇప్పటికీ దొరకని అన్నయ్య భుజమూ అలాగే ఉండేది.

కరెంటు పోయింది. కంప్యూటర్ ఆరిపోయింది. రీలు మిషను తెర మాత్రం వెలుగుతూనే ఉంది.

"అన్నయ్యా, రేపు నిన్ను పారేస్తారంట," అంది మెల్లగా.

వంగిన భుజం ఇటు తిరగసాగింది.